మలాజ్ సింహాసనం

గల్ఫ్ యుద్ధం ఆగిన వారంలోనే హన్మాండ్లు పోయాడు. పనిచేసే చోటే గుండె ఆగింది. ఆ సాయంత్రమే రియాద్‌లోని మలాజ్‌లో, ఒక ఇరుకు గదిలో, ఆయన పెట్టిన తెలుగు కార్మిక సంఘం చారిత్రక ప్రకటన చేసింది: అధ్యక్షులవారి భౌతికకాయాన్ని సకల లాంఛనాలతో, అర్జెంటుగా స్వదేశానికి పంపుతాం. ఆ దేశంలో సంఘాలు నిషేధం, చప్పట్లు బయటికి వినిపిస్తే ప్రమాదం గనుక అందరూ గట్టిగా తలలూపారు.

పెట్టిన రోజే సంఘం ఒక నియమం రాసుకుంది. పోయిన అధ్యక్షుడి శవపెట్టె వెంట ఊరికి వెళ్లినవాడే కొత్త అధ్యక్షుడు. వాళ్లను పనికి తెచ్చుకున్న అరబ్బు యజమాని, కఫీల్, ఒక్కరికే సెలవిస్తానన్నాడు. ఉపాధ్యక్షులు మాత్రం ఇద్దరు: మేస్త్రీ లింబాద్రి, ఎలక్ట్రీషియన్ ప్రభాకర్. ఇద్దరి సేవాభావమూ గొప్పదే. ఆ భారం రెండోవారి మీద పడకుండా ఒకరికొకరు కాపలా కాశారు.

అక్కడి ఇండియన్ బడిలో పంతుల్ని, నేను వెళ్తానన్నాను. హన్మాండ్లు శుక్రవారాలు మా ఇంట్లో తినేవాడు. పంతులు పోతే కుర్చీ పంతులుకే పోతుందని ఇద్దరూ మొదటిసారి ఒక్కమాట మీదికొచ్చారు. అంతటి ఐక్యత చూడ్డానికి అదృష్టముండాలి.

ఊరికి ఫోన్ చేస్తే హన్మాండ్లు భార్య ముత్తవ్వ ఎప్పుడొస్తాడని తప్ప ఇంకేమీ అడగలేదు.

నేను బడిలో చరిత్ర చెబుతానని లింబాద్రికి గుర్తొచ్చింది.

"సార్, రాజుల కాలంల ఇసుంటి లొల్లయితే ఏం జేసేటోళ్లు?"

స్పెయిన్‌లో కస్తీలియా అనే రాజ్యం సంగతి చెప్పాను. రాజు పోతే సింహాసనం కూతురిదా, చెల్లెలిదా అని తగువు పడ్డారనీ, పక్కరాజ్యం యువరాజును పెళ్లాడిన చెల్లెలే గెలిచిందనీ చెప్పాను. మధ్యలో ఏళ్ల తరబడి యుద్ధం జరిగిందని కూడా చెప్పాను. అప్పటికే వాళ్లు ముహూర్తం మాట్లాడుకుంటున్నారు.

లింబాద్రి కూతురు స్వర్ణను ప్రభాకర్ కొడుక్కి ఖాయం చేశారు. మరి అధ్యక్షుడెవరని అడిగాను.

"ఆళ్లకు పుట్టే కొడుకు," అన్నాడు ప్రభాకర్.

"ఆడపిల్ల పుడితే?"

"గది మళ్ల మీటింగుల మాట్లాడుకుంటం సార్."

పెళ్లనగానే కఫీల్ ఇద్దరికీ సెలవిచ్చాడు. ఒకే విమానం. ఎయిర్‌పోర్టులో వియ్యంకులిద్దరూ ఒకరి సూట్‌కేసు ఒకరు మోశారు. కంపెనీ డ్రైవరు గౌస్ మొహిద్దీన్ లింబాద్రిని పక్కకు పిలిచాడు.

"అన్నా, ఇద్దరూ పోతున్నరు కదా. కార్గోల జాగా అడిగిన, ఉన్నదన్నరు. ఆస్పత్రి నుంచి పెట్టె తెచ్చేస్త."

లింబాద్రి నొచ్చుకున్నాడు.

"శుభకార్యానికి పోతుంటే పీనుగును ఎంబడి తీస్కపోతమా, గౌస్ భాయ్?"

ప్రభాకర్ వియ్యంకుడి మాట నిజమేనన్నాడు. ఇద్దరూ నాకు నమస్కారం పెట్టి లోపలికి వెళ్లారు.

విమానం వేళకే లేచింది. హన్మాండ్లును ఇంకా ఇంటికి పంపలేదు.