తలా తోకా మీకే

ఆదివారం పొద్దున్నే కావ్ షున్‌కెయ్ ఉడికించిన చిలగడదుంప ఒకటి తిని, పైన గ్లాసుడు వేణ్ణీళ్లు తాగి, అద్దం ముందు నిలబడి పొట్టను లోపలికి లాగాడు. గ్వాంగ్‌జౌలో ఏళ్ల తరబడి నది దాటించే పడవ నడిపి రిటైరైన ఈ పెద్దమనిషికి టీ హోటలంటే గుడితో సమానం. అలాంటివాడు ఈ పూట హోటలుకు వెళ్లి కూడా నూనె తగలకుండా తిరిగి రావాలని పట్టుబట్టాడు.

పట్టుదలకు కారణం కూతురు ఇట్‌లింగ్. తల్లి పోయాక తండ్రి గిన్నెలో ఏం పడుతోందో కనిపెట్టుకుని ఉండేది ఆ పిల్లే. రక్తంలో కొవ్వు పెరిగిందని డాక్టరు చెప్పిన రోజునే ఆమె తన షరతు చెప్పేసింది. సోమవారం పరీక్షలో కొవ్వు తగ్గితే, తను మనసిచ్చిన మాక్ వాళ్ల అబ్బాయిని పెళ్లాడుతుంది. తగ్గకపోతే ఇంట్లోనే ఉండి నాన్నకు కాపలా కాస్తుంది. ఆదివారమేమో ఆ అబ్బాయి అమ్మానాన్నలు పెళ్లి మాటలకని టీకి పిలిచారు.

"డాక్టరు సంగతి అక్కడ ఎత్తకు నాన్నా. శుభమా అని మాట్లాడుకునే చోట రోగాల మాటలేంటని వాళ్లమ్మ నొచ్చుకుంటుంది," అంది ఇట్‌లింగ్ దారిలో.

"నోరెత్తను. నోరు తెరిస్తే కదా ముక్క లోపలికి పోయేది," అన్నాడు షున్‌కెయ్.

హోటల్లో మాక్ దంపతులు కొడుకుతో ముందే వచ్చి కూర్చున్నారు. అందరూ అలవాటు ప్రకారం మొదటి టీతో గిన్నెలూ, తినే పుల్లలూ కడిగి, ఆ నీళ్లు పెద్ద గిన్నెలో పారబోశారు. షున్‌కెయ్ ఉడికించిన ఆకుకూర చెప్పాడు, సాసు వెయ్యొద్దన్నాడు. ఆవిరి మీద వండిన చేప కూడా చెప్పబోయాడు గానీ, ఈలోపు మాక్ గారు ఎర్రగా కాల్చిన పందిమాంసం, వేయించిన రొయ్యల ఉండలు, నూనెలో తేలే నూడుల్సు వరసగా చెప్పేశాడు. పిల్లనిచ్చేవాళ్ల ముందు చెయ్యి బిగబడితే పరువు దక్కదు మరి.

మాక్ గారి భార్య ఆప్యాయంగా ఒక మాంసం ముక్క తీసి షున్‌కెయ్ గిన్నెలో వేసింది. కొసరి వడ్డించింది తినకపోతే అవమానం, తింటే కూతురు ఇంట్లోనే ఉండిపోతుంది. షున్‌కెయ్ కాస్త ఆలోచించి, గిన్నెడు వేణ్ణీళ్లు తెప్పించుకుని, ముక్కను అందులో అటూ ఇటూ ఆడించి, నూనె మెరుపంతా పోయాక కొస కొరికాడు.

ఆవిడ మొహం మాడిపోయింది. గిన్నెలు కడిగాం, ఈయన కూడు కూడా కడుగుతున్నాడంటే ఇక్కడ శుభ్రం లేదనేగా అర్థం అనుకుని మేనేజరును పిలిచి నాలుగు చీవాట్లు పెట్టింది. బల్ల మీద ఉన్నవన్నీ తీసేసి మళ్లీ కొత్తవి తెచ్చి పెట్టారు. కొత్త ముక్క కూడా షున్‌కెయ్ గిన్నెలోనే పడింది. ఆయన మళ్లీ కడిగాడు.

"మీకిక్కడి వంట నచ్చినట్టు లేదు, అన్నయ్యగారూ," అంది ఆవిడ.

"అబ్బే, అంతా బాగుంది. నాకు ఆకుకూర చాలు," అన్నాడాయన.

ఆ మాటతో కొంప మునిగింది. ఆకుకూర చాలనడమంటే మీ స్థాయి ఆకుకూరేనని ఎత్తిపొడవడమని ఆవిడ తేల్చుకుంది. భర్తను మోచేత్తో పొడిచింది. మాక్ గారు బాతు తెప్పించాడు. షున్‌కెయ్ దాని చర్మం ఒలిచి పక్కన పెట్టాడు. ఆవిడ ఇంకాస్త గట్టిగా పొడిచింది. అబ్బాయి బల్ల కింద ఇట్‌లింగ్ చెయ్యి పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. చివరికి మాక్ గారు గొంతు సవరించుకుని, నిండు పందిపిల్లను కాల్చి తెమ్మన్నాడు.

వచ్చింది. పెళపెళలాడే ఎర్రటి చర్మం, ముక్కలుగా కోసి మళ్లీ పందిలాగే పేర్చిన ఒళ్లు, ముందు తల, వెనక తోక. షున్‌కెయ్‌కి కళ్లు చెమ్మగిల్లాయి. ఆయన జీవితంలో అంత ప్రేమించిన వంటకం మరొకటి లేదు. గుండె రాయి చేసుకుని, వంటకాలు అందరి ముందుకూ వచ్చేలా తిరిగే బల్లను మెల్లగా తిప్పి పందిని మాక్ గారి ముందుకు పంపాడు. మాక్ గారు కంగారుగా వెనక్కి తిప్పాడు. మాక్ గారు కూడా ఒక్క ముక్కా ముట్టలేదన్న సంగతి ఆ గొడవలో ఎవరూ చూడలేదు. పంది అలా అటూ ఇటూ షికార్లు చేస్తుండగా, ఇంటికి కట్టించుకుపోతే ఇక్కడ తినక్కర్లేదు కదా అని షున్‌కెయ్‌కి తట్టింది. మొత్తం తీసుకుపోతే ఆశపోతు అనుకుంటారని, తలా తోకా తీసి మాక్ గారి పళ్లెంలో పెట్టాడు.

"ఇవి మీరుంచండి బావగారూ. మిగతాది నేను ఇంటికి పట్టుకెళ్తాను."

పుల్లలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మాక్ గారి భార్య చేతిరుమాలు తీసి కళ్లు ఒత్తుకుంది.

"ఆడపిల్లవాళ్లు పందిని పుచ్చుకుని తలా తోకా తిరిగిచ్చారు. ఇంకా ఒప్పుకున్నారో లేదో అడగాలా? పైగా బావగారూ అన్నారు," అందావిడ.

షున్‌కెయ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. తన పెళ్లిలో మామగారు చేసింది సరిగ్గా ఇదే. మగపెళ్లివారు పంపిన పందిలో తలా తోకా వెనక్కిచ్చారంటే ఈ ఊళ్లో మాట ఖాయమైనట్టే.

"పంది తినకుండా తప్పించుకోడానికి నన్నిచ్చేశావా నాన్నా?" అంది ఇట్‌లింగ్ ఇంటిదారిలో.

"నువ్వు వెళ్లాలనే తినలేదమ్మా. నువ్వు నాకోసం ఆగిపోతే ఏ కూడూ నాకు సయించదు," అన్నాడు. ఆ పిల్ల పంది పొట్లం తన చేతిలోకి తీసుకుంది.

ఇంటికి రాగానే ఆయన ఆ పొట్లం విప్పి, ఆశ పుట్టకముందే సందులో ఇంటింటికీ పంచేశాడు. పంది పంచారంటే పెళ్లి కుదిరినట్టే గనక సాయంత్రానికల్లా వీధి వీధంతా వచ్చి ఇట్‌లింగ్‌ను దీవించి పోయింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు. మర్నాడు పరీక్షలో కొవ్వు తగ్గిందని తేలింది. ఇట్‌లింగ్ ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చేసింది.

పెళ్లి విందులో షున్‌కెయ్ ముందు ప్రత్యేకంగా, సాసు లేని ఆకుకూర పెట్టారు. ఆయన పుల్లలు ఎత్తేలోపే బల్ల తిరిగింది. ఆకుకూర వియ్యంకుడి ముందు ఆగింది.

"మా డాక్టరు కూడా అదే తినమన్నాడు బావగారూ. మీ చెల్లెలికి చెప్పకండి," అన్నాడు మాక్ గారు గుసగుసగా, గిన్నె నింపుకుంటూ.

షున్‌కెయ్ ముందుకు పంది వచ్చి ఆగింది.