వడదెబ్బకు గాయమేదీ?

ఎండంత సాధుజీవి ఈ లోకంలో ఇంకొకటి లేదు! నవ్వకండి. ఈ వేసవిలో మా ఊళ్లో వడదెబ్బకు పోయినవాళ్లు సున్నా. మరణాలు నమోదు చేసే ఆఫీసువారి మాట ఇది, నాది కాదు.

మరి మనుషులు పోలేదా అంటే, పోయారు. నిరుటికంటే ఎక్కువే పోయారు. అయితే ఒకరికి గుండె ఆగింది, ఇంకొకరికి ఊపిరి ఆగింది. కళ్లు తిరిగి పడిన తాపీమేస్త్రీకి నేల తగిలింది. తప్పు నేలది. మధ్యలో సూర్యుణ్ణి లాగడం దేనికి?

మా బావ రేకుల కప్పులు బిగించే మేస్త్రీ. మిట్టమధ్యాహ్నం కప్పు మీదే కుప్పకూలాడు. కిందికి దించినవాళ్లు ఒళ్లు పెనంలా కాలిపోతోందన్నారు. మరణ కారణం గడిలో వడదెబ్బ అని రాయించడానికి మా అక్క ఆఫీసుకు వెళ్లింది, వెంట నేనూ వెళ్లాను. ఆ ఒక్క మాట పడితే మధ్యాహ్నం పూట అక్కడ పని ఆపాలని రూలుంది. అదే కప్పు మీద మా తమ్ముడు ఇంకా పని చేస్తున్నాడు.

గుమాస్తా మర్యాదస్తుడు. అక్కకు కుర్చీ వేయించి, కాయితం అటూ ఇటూ తిప్పి అడిగాడు.

“దెబ్బ అంటున్నారు కదమ్మా, గాయం ఎక్కడ?”

“వడదెబ్బకు గాయం ఉంటుందా బాబూ?”

దెబ్బ అని కొడితే ఏ చోట తగిలింది, దేనితో తగిలింది, ఎవరు కొట్టారు అని కంప్యూటర్ అడుగుతుందట. ఖాళీ వదిలితే ముందుకు పోదట.

“సూర్యుడు కొట్టాడని రాయండి,” అంది అక్క.

“రాస్తానమ్మా. చిరునామా?”

చూశారా, ఎంత పకడ్బందీ వ్యవస్థో! ఊరూ పేరూ లేనివాడి మీద నేరం మోపితే రేపు ఎవరికైనా దిక్కుంటుందా? చివరికి ఆయనే జాలిపడి, ఏ పేచీ లేకుండా ‘గుండె ఆగింది’ అని రాసి స్టాంపు గుద్దాడు. అబద్ధమని ఎవరనగలరు? గుండె ఆగకుండా పోయినవాడు ఒక్కడుంటే చూపించండి!

పన్నెండు కాగానే మమ్మల్ని బయటికి పంపి, తలుపుకు నోటీసు అంటించారు. ఎండల తీవ్రత వల్ల, సిబ్బంది ప్రాణాలు ముఖ్యం కనుక, నాలుగు దాకా ఆఫీసు మూసివేత అట. ప్రాణాలు ముఖ్యమేనండీ, నేను కాదనను.

అక్క ఆ నోటీసును రెండుసార్లు చదివింది. తమ్ముడికి ఫోన్ చేసింది. రేకు బిగిస్తున్నానక్కా, తర్వాత మాట్లాడతాను అన్నాడు వాడు.