ఇల్లు మారిన మద్దిలేటి

రెండువేల మూడులో ఇంటర్ ఫలితాల రోజు. నంద్యాలలో గురుస్వామి కాలేజీ వెబ్‌సైట్ చూసుకునే జాషువా పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది: సైట్ ఆగకూడదు, ఉద్యోగం పోకూడదు. నిరుడు సైట్ ఆగి కాలేజీ పరువు పోయింది. "ఈసారి ఆగిందంటే నువ్వు ఇంటికి పో అప్పా" అని కాలేజీ యజమాని గురుస్వామి ముందే దీవించి ఉన్నాడు.

ఫలితాలు వచ్చాయి. నంద్యాల, ఆళ్లగడ్డ ఇంటర్నెట్ సెంటర్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. సైట్ చతికిలబడింది.

"ఏందప్పా ఇది?" గురుస్వామి ఉరిమాడు.

"మన కంప్యూటర్‌కు పేరు చాలదు సార్, నంబర్ కావాల. హైదరాబాద్ ఫలితాల కంప్యూటర్ నంబర్ ఏందని, వచ్చిన ప్రతి పిల్లోడి కోసం మళ్లా పోయి అడుగుతాంది. ఆ నంబర్లు చెప్పే కంప్యూటర్ పలకడం ల్యా."

"మన ఊర్లో మద్దిలేటి ఇల్లు యాడని రోజూ అడిగి పోతామా? ఒగసారి తెలిస్తే సాలదా?"

మౌస్‌ను ఎలుక అనే పెద్దమనిషికి ఇంత తెలివా అని జాషువా నోరెళ్లబెట్టాడు. నిరుడు కంఠతా పట్టిన హైదరాబాద్ నంబరునే సైట్‌లో రాసిపడేశాడు. సైట్ పరుగందుకుంది. హమ్మయ్య, బతికాను అనుకున్నాడు పాపం.

కాలేజీకి కనీవినీ ఎరుగని ఫలితాలు! గురుస్వామి కొడుకు వెంకట్‌కు ఫస్ట్ క్లాసు! ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం గురుస్వామి. క్షణాల్లో డప్పులొచ్చాయి, వెంకట్ మెడలో దండ పడింది.

ఇంతలో ఆళ్లగడ్డ బ్రాంచి నుంచి మహాలక్ష్మి మేడం ఫోను. "సార్, చదివే ఆడపిల్లలంతా ఫెయిలు, గోడ దూకేటోళ్లంతా పాసు! ఈడ ఒకటే ఏడుపులు!"

"అంతా దేవుని లీలమ్మా" అని ఫోను పెట్టేశాడు గురుస్వామి.

దండలో వెంకట్‌కు చెమటలు పట్టాయి. "నాయనా, నేను లెక్కల పరీక్షే రాయల్యా. ఆ పొద్దు మహానందిలో ఈత కొడతాంటి."

డప్పులు ఆగిపోయాయి.

జాషువా పరుగున పోయి చూశాడు. ఫలితాల కంప్యూటర్ పేరు పాతదే, నంబరు మాత్రం కొత్తది. పాత నంబరులో కూర్చున్నవి నిరుటి ఫలితాలు. హాల్‌టికెట్ నంబర్లు ఏటా అవే, మనుషులే మారతారు; ఈ నంబర్లు నిరుడు వేరే కాలేజీ పిల్లలవి.

"మద్దిలేటి ఇల్లు మారినాడు సార్. ఇప్పుడే సరిజేస్తా."

"ఉండప్పా. సరిజేస్తే మనోళ్లు ఎంతమంది పాసు?"

"సగం గూడా ల్యా సార్."

గురుస్వామి గేటు వైపు చూశాడు. డప్పులు విని, పిల్లల్ని చేర్చడానికి జనం ఎగబడుతున్నారు.

"ఆ నంబర్ ముట్టుకుంటే ఉద్యోగం పీకేస్తా."

"ఆళ్లగడ్డలో ఆడపిల్లలు ఏడుస్తాండారు సార్!"

"రేపు పేపర్‌లో అసలు ఫలితాలు చూసి నవ్వుతార్లే."

సాయంత్రం దాకా సైట్ ఒక్కసారి కూడా ఆగలేదు. జాషువా ఉద్యోగం పర్మనెంటయింది.