నలభై వీపులు

ఆ రోజు పొద్దున్న చిన్నమాస్టరు అద్దం ముందు నిలబడి జడ అల్లుకుంటూ, ఏడవకూడదని తనకి తానే గట్టిగా చెప్పుకుంది. తిండివేళకల్లా చొక్కాల కటింగ్ ముగించాలి. అందరితోపాటు కూర్చుని మంచుపిట్ట చివరి ఆట చూడాలి. చూసి, చేతులు దులుపుకొని మళ్ళీ పనిలో పడాలి. అంతే. ఆ అమ్మాయి ఏమన్నా మేనత్త కూతురా, తోడబుట్టినదా? ఎక్కడో మంచు మీద బూట్లేసుకుని జారే పిల్ల. ఇన్నాళ్ళూ జారింది, ఇక జారనంటోంది. దానికి ఇంత గుండెలు బాదుకోవడం దేనికి? ఆ ధైర్యంతోనే చిన్నమాస్టరు కళ్ళకి కాటుక కూడా పెట్టుకుంది.

"రాత్రి దిండంతా తడిపావు, ఇవాళ కాటుకా?" అంది వాళ్ళమ్మ.

"అది నిన్నటి మాట. ఇవాళ నాకు పనుంది," అని చెప్పులేసుకుని బయలుదేరింది.

నిజంగానే పనుంది. ఆమె పనిచేసేది యూనిఫాంలు కుట్టే షెడ్డులో. పిలవడానికి మాస్టరే గానీ, మొన్నమొన్నటిదాకా ఆమె చేసిందల్లా పెద్దమాస్టరు గీసిన గీతల మీద కత్తెర నడపడం, ఆయన కళ్ళజోడు వెతికిపెట్టడం. చూపు ఆనడం లేదని ఆయన మానేశాక పెద్ద కటింగ్ బల్ల ఖాళీ అయింది. బయటినుంచి ఎవరినైనా తెచ్చుకుందామా అని ఊగుతున్న ఓనరు సారు, "ఈ ఒక్క ఆర్డరూ నువ్వు కొయ్యమ్మా. సరిగ్గా వస్తే బల్ల నీది. రాకపోతే కొత్త మాస్టరుకి కూడా కళ్ళజోడు ఉంటుందిలే, వెతికిపెడుదువుగాని," అన్నాడు.

ఆర్డరు సెక్యూరిటీ వాళ్ళ చొక్కాలు, నలభై. ముదురు నీలం. ముందు భాగాలు, చేతులు, కాలర్లు నిన్ననే కోసి మిషన్ల మీదికి పంపేసింది. వీపుల గుడ్డ ఆలస్యంగా వచ్చింది గనక అవి మాత్రం మిగిలాయి. సాయంత్రం ఆ సెక్యూరిటీ సూపర్‌వైజరు స్వయంగా వచ్చి పట్టుకెళతాడు.

ఇక మంచుపిట్ట పిచ్చి ఈ షెడ్డులోకి వచ్చింది కుట్ల దారిలోనే. గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను మీద కూర్చునే వదిన ఒకసారి తింటూ తింటూ ఫోన్‌లో ఐస్ స్కేటింగ్ పోటీ పెట్టింది. ఆవిడ ఎవరికీ వదిన కాదు, అందరూ అలా పిలుస్తారంతే. పక్కనే బొత్తాలు కుట్టే పిన్ని కళ్ళు చికిలించి చూసి, "అంతలా గిరగిరా తిరుగుతోందే, ఆ పిల్లకి చంక దగ్గర కుట్టు పిగిలిపోదూ?" అని అడిగింది. ఆ సందేహం తీరడానికి ఇంకో ఆట చూశారు. అది చాలక ఇంకోటి. కుట్టు సంగతి తేలనేలేదు గానీ, ఆ పిల్ల ఎగిరితే వీళ్ళ ఊపిరి ఆగిపోవడం, ఆ పిల్ల పడితే వీళ్ళ మోకాళ్ళు సలపడం మొదలైంది. అసలు పేరు నోరు తిరగక పిన్నే మంచుపిట్ట అని పేరు పెట్టింది. ఏ పోటీకి ఏ గౌను వేసుకుందో, ఏ గౌనుకి వీపు ఎంత లోతో ముగ్గురికీ కంఠతా వచ్చు.

చిన్నమాస్టరు నీలం గుడ్డని పొర మీద పొర పరిచింది. నలభై పొరలూ కదలకుండా క్లిప్పులు బిగించింది. పై పొర మీద అట్ట పెట్టి సుద్దతో వీపు గీసింది. ఈ బల్ల మీద పని ఇలాగే ఉంటుంది. కటింగ్ మిషను బ్లేడు పైనుంచి కిందిదాకా ఒక్కసారే దిగుతుంది. ఒప్పు చేస్తే నలభై ఒప్పులు, తప్పు చేస్తే నలభై తప్పులు. పెద్దమాస్టరు అందుకే మిషను పట్టుకున్నప్పుడు తుమ్ము వచ్చినా ఆపుకునేవాడు.

పక్కలు కోసింది, భుజాలు కోసింది. గీతంటే గీతే, దారప్పోగు అటూ ఇటూ పోలేదు. మెడ వంపు ఒక్కటే మిగిలింది, నిండా రెండు వేళ్ళ లోతు. అప్పుడే వదిన పరుగున వచ్చింది.

"చిన్నమాస్టరూ! ముందే మొదలెట్టేశారే! పాట కూడా వచ్చేసింది!"

"తిండివేళకి అన్నావుగా?"

"వాళ్ళకేం తెలుసు మనం ఎప్పుడు తింటామో!" అంటూ వదిన ఫోన్‌ని సుద్దల డబ్బాకి ఆనించి నిలబెట్టింది. వెనకే పిన్ని నోట్లో సూదితో వచ్చి నిలబడింది.

"మీరు చూడండి. నేను వింటాను," అంది చిన్నమాస్టరు. బ్లేడుని మెడ గీత దగ్గరికి తెచ్చింది.

పాపం, విందామనే అనుకుంది. కానీ తెరమీద మంచుపిట్ట తెల్ల గౌనుతో ఒక్కతే నిలబడి ఉంది. ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచింది. కాలు వెనక్కి చాచి మెల్లగా జారడం మొదలుపెట్టింది. ఓ కంటితో చూస్తే తప్పేముంది అనుకుంది చిన్నమాస్టరు. రెండో కన్ను ఎప్పుడు తోడెళ్ళిందో ఆమెకి తెలియదు. ఆ పిల్ల మంచు మీద నిలువుగా కిందికి జారింది, చివర వాలి గుండ్రంగా తిరిగింది, మళ్ళీ అంత నెమ్మదిగానూ పైకి వచ్చింది. నీలం గుడ్డ మీద చిన్నమాస్టరు చెయ్యి కూడా వెళ్ళింది, తిరిగింది, వచ్చింది. జీవితంలో ఆమె అంత నున్నగా ఎప్పుడూ కోయలేదు.

పాట ఆగింది. మంచుపిట్ట వంగి మంచుని చేత్తో తాకి కళ్ళకద్దుకుంది. వదిన భోరుమంది. పిన్ని సూదిని నోట్లోంచి తీసి మరీ ఏడ్చింది. చిన్నమాస్టరు మిషను ఆపి, కాటుకంతా చెంపల మీదికి తెచ్చుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని బల్ల వైపు చూసింది.

మెడ దగ్గర మొదలైన కోత నడుము దాకా దిగి, అక్కడ చక్కగా తిరిగి, మళ్ళీ మెడ దగ్గరికి వచ్చి ఆగింది. మధ్య ముక్క పెద్ద నీటిబొట్టులా ఊడి చేతికొచ్చింది. నలభై నీటిబొట్లు.

"పిన్నీ," అంది.

"ఊరుకోమ్మా, మనమేం చేస్తాం. దాని వయసైపోయింది," అంది పిన్ని ఇంకా ముక్కు తుడుచుకుంటూ.

"అది కాదు పిన్నీ, ఇటు చూడు."

పిన్ని చూసింది. వదిన చూసింది. గేటు ముందు మీసాలు తిప్పుకుంటూ నిలబడ్డ నలభై మంది, వెనక్కి తిరిగితే నడుము దాకా బోసి వీపులు. ఆ దృశ్యం ముగ్గురికీ ఒకేసారి కనిపించినట్టుంది, ఒకేసారి ఏడుపు ఆగింది.

"గుడ్డ ఇంకా ఉందా?" అంది వదిన.

"ఉంటే నా కళ్ళలో నీళ్ళెందుకు? ఇదే ఆఖరు తాను."

"ఇది నీలం గౌను వీపే! పోయినేడు గెలిచినప్పుడు వేసుకుందే, దానికి ఉన్నట్టే ఉంది. అచ్చు అదే లోతు," అంది పిన్ని, ఇంత కష్టంలోనూ ముచ్చటపడకుండా ఉండలేక.

చిన్నమాస్టరు తల పట్టుకుంది. ఆమెకి బల్ల కనిపించడం లేదు. పొద్దున్నే వచ్చి ఎవరివో కళ్ళజోళ్ళు వెతుకుతున్న తానే కనిపిస్తోంది. అప్పుడు వదినకి ఆలోచన వచ్చింది. "ఆ గౌనుకి వీపు ఖాళీగా ఉండదే! లోపల పల్చటి నెట్ గుడ్డ వేస్తారు. మన దగ్గర ఆటల బనీన్ల నుంచి మిగిలిన నల్ల నెట్ ఉందిగా!"

ఇంకేం, ముగ్గురూ కొంగులు బిగించారు. చిన్నమాస్టరు నెట్ గుడ్డ కోసింది, ఈసారి ఫోన్‌ని పిన్ని బొత్తాల డబ్బాలో పూడ్చిపెట్టి. వదిన ఓవర్‌లాక్ ఆపకుండా తొక్కింది. మిగతా మిషన్ల వాళ్ళకి "కొత్త మోడలు, నోరెత్తకండి," అని చెప్పారు. వాళ్ళు నోరెత్తలేదు గానీ ఒకరి వీపు ఒకరు చూసుకున్నారు.

టీ వేళకి సారు షెడ్డంతా తిరుగుతూ ఇటు వచ్చాడు. చిన్నమాస్టరు గబుక్కున కుట్టిన చొక్కా మీద కూర్చుంది. సారు చొక్కా చూడలేదు, ముఖాలు చూశాడు. మూడూ ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఏమైందమ్మా? ఎవరికేమైంది?"

వదిన కల్పించుకుని, "ఏం లేదు సార్. రిటైర్మెంటు. ఇన్నేళ్ళు చూసి చూసి, ఇక రాదంటే కష్టంగా ఉండదా?" అంది.

సరిగ్గా ఆ క్షణానే పిన్ని షెడ్డంతా వినిపించేలా ముక్కు చీదింది. సారు పిన్ని వంక చూశాడు. ఆయన ముఖం కూడా కరిగింది. "నాకు ఒక్క మాటైనా చెప్పలేదే," అని గొణిగి, తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఏమనుకుని వెళ్ళాడో చిన్నమాస్టరుకి అర్థం కాకపోలేదు. కానీ పిలిచి సరిచెయ్యాలంటే లేవాలి. లేస్తే చొక్కా కనబడుతుంది. పిన్నికి ఒక పూట రిటైర్మెంటు వస్తే వచ్చిందిలే అని కూర్చుండిపోయింది.

సాయంత్రం సూపర్‌వైజరు వచ్చాడు. లావుపాటి మనిషి, చేతిరుమాలు మెడచుట్టూ ఉంది. సారు ఒక చొక్కా తీసి దులిపి, వెనక్కి తిప్పి, అలాగే ఆగిపోయాడు. కానీ సారు ఎన్నేళ్ళుగానో వ్యాపారం చేస్తున్నవాడు. మింగుడుపడకపోయినా మింగి, "ఇది మా కొత్త డిజైను. వీపుకి గాలాడుతుంది. ఎండలో నిలబడేవాళ్ళు కదా అని ప్రత్యేకంగా..." అంటూ చిన్నమాస్టరు వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపులో గాలి అసలు ఆడటం లేదు.

"నాది కూడా కుట్టారుగా? వేసుకుని చూస్తాను," అని సూపర్‌వైజరు చొక్కాతో లోపలి గదిలోకి వెళ్ళాడు.

సారు పళ్ళు బిగించి ఏదో అనబోయాడు. అంతలో కేకు వచ్చింది. టీ వేళకి ఆయనే చెప్పి పంపిన కేకు. మనిషి పద్ధతి తప్పనివాడు గనక ముందు ఆ పని కానిచ్చేద్దామనుకున్నాడు. గదిలోంచి గోడ గడియారం తెచ్చాడు. ఆయన గది గోడకి ఉండేదే, తుడిచి కాగితం చుట్టాడు. అందరినీ పిలిచి, "పిన్నిగారూ, ఈ షెడ్డులో ఊడని బొత్తం అంటే మీరే. ఇక హాయిగా ఇంట్లో విశ్రాంతి తీసుకోండి," అని గడియారం చేతిలో పెట్టాడు.

చప్పట్లు మోగాయి. పిన్ని గడియారం వంకా ఆయన వంకా చూసింది.

"ఇంట్లోనా? నేనా? ఎందుకు?"

"మీరే కదా రిటైరవుతున్నారు?"

"ఎవరన్నారు? నాకింకా యాభై రెండే!"

"యాభై రెండేనని నేను ఇక్కడ చేరినప్పుడు కూడా చెప్పావు పిన్నీ," అని ఎవరో వెనకనుంచి అన్నారు. దాంతో పిన్నికి ఒళ్ళు మండిపోయింది.

"ఓహో, అందరూ కలిసి నన్ను సాగనంపుతున్నారన్నమాట! రిటైరైంది నేను కాదయ్యా బాబూ, ఆ మంచుపిట్ట! మంచు మీద జారే పిల్ల! దాని ఆట చూస్తూ ఏడుస్తూ ఈ చిన్నమాస్టరు నలభై చొక్కాలకి వీపులు కోసేసింది! దాన్ని ఒక్క మాట అనకుండా నాకు గడియారం ఇస్తారా?"

అన్నాక నాలిక కరుచుకుంది. అప్పటికే సూపర్‌వైజరు చొక్కా తొడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

చిన్నమాస్టరు బల్ల అంచు గట్టిగా పట్టుకుంది, ఎవరో అప్పుడే లాక్కుపోతున్నట్టు. "పిన్ని చెప్పింది నిజమే సార్. కోసింది నేనే. చూడకూడదనుకున్నాను, చూశాను," అంది.

సూపర్‌వైజరు తాపీగా పంకా కిందికి వచ్చి, దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. మెడ చుట్టూ ఉన్న చేతిరుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరు రిటైరైతే నాకేంటమ్మా," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఎండలో గేటు దగ్గర నిలబడి నిలబడి నా వీపు గాలి సంగతే మర్చిపోయింది. ఇంకో వంద కావాలి. ఈ కోతే ఉండాలి, గీత కూడా మారకూడదు."

ఆయన వెళ్ళాక సారు పుస్తకంలో వంద అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాసుకున్నాడు. చివరికి, "బల్ల నీదే," అన్నాడు. "కానీ ఫోన్ మాత్రం బల్ల దగ్గర కనబడకూడదు." గడియారం తిరిగి తీసుకోబోయాడు. పిన్ని ఇవ్వలేదు. కేకు తింటూ కూడా ఒళ్ళోనే పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ సారు వదిన పక్కన ఆగి, ఎవరూ వినడం లేదనుకుని, "ఆ పిల్ల ఆట... ఏమని వెతికితే వస్తుంది?" అని అడిగాడు.

మర్నాడు చిన్నమాస్టరు అందరికంటే ముందే వచ్చి బల్లని తడిగుడ్డతో తుడిచింది. పాత సుద్ద మరకలన్నీ పోయేదాకా తుడిచింది. పైకి మామూలుగానే ఉండాలనుకుంది గానీ, బల్ల ఈ చివరినుంచి ఆ చివరిదాకా రెండుసార్లు ఊరికే నడిచింది. అప్పుడే సారు వచ్చాడు. కళ్ళు ఎర్రగా, రెప్పలు ఉబ్బిపోయి.

"మొదటి పోటీనుంచీ చూశానమ్మా," అన్నాడు బొంగురు గొంతుతో. "పడి లేస్తుందే, పదహారేళ్ళప్పుడు... పడ్డాక నవ్వుతుందే... నావల్ల కాలేదు. మా ఆవిడ డాక్టరుకి ఫోన్ చెయ్యబోయింది." చేతిరుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. "అలాంటి పిల్ల ఇక ఆడదంటే, చెప్పు, మనుషులం ఎలా తట్టుకోవడం?"

చిన్నమాస్టరు ఆయనకి కుర్చీ జరిపింది. ఇంతలో పిన్నీ మిగతావాళ్ళూ వచ్చారు. వెనకే వదిన ఫోన్ పైకెత్తి ఊపుకుంటూ గుమ్మంలోంచే అరిచింది.

"చూశారా! మనసు మార్చుకుందట! ఇంకో ఏడాది ఆడుతుందట!"

షెడ్డులో ఎవరూ కేరింతలు కొట్టలేదు. పిన్ని మూతి ముడిచి, "మరి నిన్నంతా ఏడిపించింది దేనికట?" అంది. సారు మెల్లగా లేచి నిలబడ్డాడు. చేతిరుమాలు వంక చూసుకున్నాడు, ముఖం నల్లబడింది, ముక్కుపుటాలు అదిరాయి.

చిన్నమాస్టరు కటింగ్ మిషను వైరు పీకి పక్కన పెట్టింది. ఆ పూటకి ఆయన్ని బ్లేడు దగ్గరికి రానివ్వకూడదని ముగ్గురూ కళ్ళతోనే అనుకున్నారు.