చీము చేసిన మేలు

గుండె ఆపరేషన్ అయ్యాక కోతకు చీము పట్టడం శాపమని డాక్టర్లంటారు. నేనొప్పుకోను. అది వరం! అనుభవం మీద చెబుతున్నాను, కాస్త గౌరవంగా వినండి.

అసలీ రోజుల్లో బైపాస్‌కు విలువెక్కడుంది? మా పార్కులో పొద్దున్నే నడిచే ఎనిమిది మందిలో ఐదుగురి ఛాతీలు తెరిచి మూసినవే. ఆపరేషనైన పన్నెండో రోజున నేను బెంచీ మీద కూర్చుని, మెల్లగా చొక్కా గుండీలు రెండు విప్పాను. రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఓ చూపు చూసి, "నాదీ అంతే పొడుగు" అని పేపరు తిరగేశారు. ఎంత అవమానం!

దేవుడు నా మొర ఆలకించాడు. పద్నాలుగో రోజున జ్వరం వచ్చింది. కోత కింది చివర ఎర్రబడి, చొక్కా తడిసింది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ మత్తు, మళ్లీ కోత. ఈసారి గాయాన్ని మూయకుండా వదిలేసి, దానికో గొట్టం, గొట్టానికో చిన్న మెషీన్ తగిలించి ఇంటికి పంపారు. లోపలి చెమ్మనంతా పీలుస్తూ అది గుర్రుమంటుంది. దాన్ని సంచిలా భుజాన వేసుకుని పార్కుకు వెళ్తే, హెడ్మాస్టరు గారు లేచి చోటిచ్చారు! స్టెంట్లవాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు. చీము లేకపోతే నాకీ మర్యాద దక్కేదా?

ఇంట్లో లాభాలు చెప్పనే అక్కర్లేదు. పై అరలో డబ్బా దించమనేవాళ్లు లేరు. టీవీ రిమోట్ దానంతటదే నా చేతికొచ్చింది. నేను దగ్గితే చాలు, నలుగురూ మాటలాపి నా వైపు చూస్తున్నారు. పాతికేళ్లుగా పేపర్లో కాలమ్ రాస్తున్నా ఇంతటి శ్రద్ధ నాకెన్నడూ దొరకలేదు.

అన్నిటికన్నా పెద్ద లాభం ఇంకోటుంది. నేరస్థుడు దొరకడం!

గుండె నాళాలు పూడుకుపోతే ఎవర్ని తిడతాం? తప్పు నా నాలుకది. చీము సంగతి వేరు. అది బయటి నుంచి వస్తుంది. అంటే ఎవడో తెచ్చాడన్నమాట! నోటుపుస్తకం తీసుకుని, నన్ను చూడ్డానికొచ్చిన పందొమ్మిది మంది పేర్లూ రాసి, ఒక్కొక్కర్నీ కొట్టేస్తూ పోయాను. చివరికి మిగిలింది మా బావమరిది.

మా ఆవిడ తమ్ముడు. మోటారు మెకానిక్. గోళ్లెప్పుడూ నల్లగా ఉంటాయి. నేను ఆసుపత్రి నుంచి మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు నా వీపు వెనక దిండు సర్దాడు. సర్దుతుంటే చెయ్యి నా కట్టుకు తగిలింది. ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

ఆసుపత్రి నుంచి నేను రెండోసారి ఇంటికొచ్చిన రోజున హాల్లో అందరి ముందూ తీర్పు చెప్పేశాను.

"నీ చేతి గ్రీజే నా గుండెల్లో చీముగా మారిందిరా!"

వాక్యం భలే కుదిరిందని లోలోపల మురిసిపోయాను కూడా. రచయితను కదా! అతను ఒకసారి తన చేతులు చూసుకున్నాడు. "సరే బావా" అని లేచాడు. కప్పులో టీ అలాగే ఉండిపోయింది. మూడు వారాలైంది, మళ్లీ మా గడప తొక్కలేదు. మా ఆవిడ నాతో మాట్లాడ్డం "మాత్ర", "నీళ్లు" దగ్గర ఆగిపోయింది.

ఇక్కడో చిన్న సంగతి చెప్పడం మరిచాను. ఛాతీ పట్టుకుని నేను కూలబడ్డ రోజున, రిపేరుకొచ్చిన ఎవరిదో వ్యానులో నన్ను పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చింది ఆ నల్ల గోళ్లవాడే. చిన్న సంగతే కదా!

మొన్న కట్టు మార్చేటప్పుడు నర్సమ్మ అడిగింది: "సార్, ఆపరేషన్‌కి ముందు ముక్కులో రాసుకోడానికి మందిచ్చారు కదా, ఐదు రోజులూ వాడారా?"

"వాడకపోవడమేంటమ్మా!" అన్నాను.

"ఏమోనండీ, మీ ముక్కులో ఉన్న క్రిమే గాయంలోనూ దొరికింది. చాలామంది ముక్కుల్లో ఊరికే పడుంటుంది. కోత పడితే లోపలికి దిగుతుంది. అందుకే ముందుగా ఆ మందిస్తాం."

మా ఆవిడ పక్కనే నిలబడి విన్నది. ఇంటికి రాగానే నా షేవింగ్ డబ్బా తెరిచింది. అడుగున ఆ మందు ట్యూబు, సీలు కూడా విప్పనిది. అది ఇచ్చిన రోజున, "గుండెకు ఆపరేషన్, ముక్కుకు మందు! రేపు మోకాలు నొప్పంటే చెవిలో చుక్కలేస్తారు కాబోలు" అని ఇంటిల్లిపాదినీ నవ్వించాను. బావమరిది ఒక్కడే నవ్వలేదు. "రాసుకో బావా, ఊరికే ఇస్తారా?" అన్నాడు.

మా ఆవిడ ట్యూబు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. మూడు వారాల తర్వాత నోరు విప్పింది.

"దిండు సర్దిన రోజున, మీ గదిలోకి వచ్చే ముందు వాడు పెరట్లో కుళాయి దగ్గర మూడుసార్లు సబ్బు రుద్దుకున్నాడు. ఆ నలుపు ఎంత తోమినా పోదని మీకు తెలీదా? వాడి మీదికి లేచిన వేలు, మీ ముక్కు దాకా లేవలేకపోయిందా?"

నా తరఫున మెషీనే గుర్రుమంది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. అందుకే ఇదంతా రాశాను. మీకోసమనుకున్నారా? క్షమించాలి. మా బావమరిది పేపరు చదవడు. కానీ వారం వారం నా కాలమ్ ఉన్న పేజీ చింపి గ్రీజు తుడుచుకుంటాడు. ఆ కాగితం బాగా పీలుస్తుందట!

ఏమోయ్ బావమరిదీ, తుడుచుకో, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ముందు ఈ నాలుగు ముక్కలూ చదువు. క్రిమి నాది, ముక్కు నాది, ఆ మాటన్న నోరూ నాదే. నా వీపు వెనక దిండు జారిపోతోంది, ఎవరు సర్దినా కుదరడం లేదు. గుమ్మం దగ్గర సబ్బు పెట్టించాను, నీక్కాదు, నాకు. నువ్వొచ్చేసరికి నేను చేతులు కడుక్కుని కూర్చుంటాను.