సాయంత్రానికల్లా మూతపడాలి

ఆ రోజు పొద్దున్న మేష్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. సాయంత్రంలోగా మూడువేల సీసాల్లో వైన్ నింపించి, మూతలు బిగింపించి, కాళ్లు చాపుకుని పడుకోవడం.

రసాయనశాస్త్రం పాఠాలు మానేసి ఆయన ఈ వ్యాపారంలోకి దిగి మూడేళ్లయింది. ద్రాక్షరసం పులియబెట్టడం మూడు వారాల్లో పట్టుబడింది. మిగతా కాలమంతా లైసెన్సుకూ, లేబుల్ మీద అక్షరాల సైజుకు అనుమతికీ, ఆ అనుమతి మీద ముద్రకూ పోయింది. ఇన్ని చేసినా కొంటామన్నవాళ్లు మాత్రం ఇంకా రాలేదు. సీసాలు నింపే యంత్రం కొనే స్తోమత లేక, దాన్ని లారీ మీద తిప్పుతూ అద్దెకిచ్చే మెకానిక్‌ను ఐదు నెలల ముందే మాట్లాడుకున్నారు. లారీ ఒక్కరోజే ఉంటుంది. మళ్లీ వంతు రావాలంటే ఇంకో నాలుగు నెలలు.

లారీ వచ్చింది. యంత్రం కదిలింది. సీసాలు నిండాయి. మూతలు మాత్రం సీసాల నెత్తిన టోపీల్లా కూర్చుంటున్నాయే తప్ప బిగుసుకోవడం లేదు. మేష్టారు కంగారుగా భార్యకు ఫోన్ చేశారు. ఆవిడ లైసెన్సు ఆఫీసుకు వెళ్తూ ఫోన్ ఇంట్లోనే మరిచిపోయింది. ఎత్తినవాడు బావమరిది. ఈ వ్యాపారం సాగదని మొదటిరోజు నుంచీ చెబుతున్న మనిషి.

"అక్క రాగానే ఇక్కడికి పరిగెత్తుకు రమ్మను!" యంత్రం హోరులో మేష్టారు అరిచారు. "సాయంత్రానికల్లా మొత్తం మూతపడాలి! రేపటిదాకా ఆగడానికి లేదు!"

బావమరిది కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అంతదాకా వచ్చిందా బావా? వేరే దారే లేదా?"

"ఏం దారి? సాయంత్రం లారీ వెళ్లిపోతుంది!"

లారీ ఎందుకొచ్చిందో అతనికి ఇట్టే అర్థమైపోయింది. సామాను ఎత్తుకుపోవడానికి. అక్క వచ్చేలోగా నలుగురి సాయం అడుగుదామని నలభైమందికి ఫోన్ చేశాడు. ఎవరికీ చెప్పొద్దని ఒక్కొక్కరికీ ఒట్టు పెట్టి మరీ చెప్పాడు కాబట్టి, గంటలో ఊరంతా తెలిసిపోయింది.

అందరికంటే ముందు, వాళ్లకు ద్రాక్ష పండించి ఇచ్చే తాత వచ్చాడు. మేష్టారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎందుకయ్యా ఇలా అయింది?"

"ఏం చెప్పను తాతా. అంతా మెడ దగ్గరికొచ్చి ఆగిపోతోంది."

తాత భయంగా మేష్టారి మెడ వైపు చూశాడు. ఆ తర్వాత ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. మేష్టారు బాత్‌రూమ్‌కు వెళ్తే, తలుపు బయట నిలబడి ధైర్యం చెబుతూ దగ్గాడు.

మధ్యాహ్నానికి పెద్ద హోటల్ యజమాని కారు దిగాడు. ఏడాదిగా "చూద్దాం లెండి" అన్న మాట తప్ప ఇంకో మాట చెప్పని పెద్దమనిషి.

"ఇదే ఆఖరి సరుకట కదా మేష్టారూ?"

"అవునండీ. ఆ పీపాల్లో ఇంక చుక్క లేదు."

"మళ్లీ రాదన్నమాట."

"ఈ రుచా? రమ్మన్నా రాదు. ఆ ఏడాది ఎండలే వేరు."

"అయితే మొత్తం నాకే ఇచ్చెయ్యండి," అని అతను ఫోన్ తీసుకుని పక్కకు వెళ్లాడు. మేష్టారు తాత భుజం పట్టుకుని నిలబడ్డారు. తాత ఏదైతే జరుగుతుందని భయపడ్డాడో అదే జరుగుతోందనుకుని ఆయన్ని కూర్చోబెట్టి గాలి విసిరాడు.

అప్పుడే భార్య వచ్చింది, వెనకాల తమ్ముడు. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్లు ఉబ్బిపోయాయి.

"నాతో ఒక్క మాటైనా అనకుండా ఎలా మూసేస్తారండీ?"

"మూయకపోతే కారిపోదూ?"

"ఏది?"

"వైను!"

ఇంతలో యంత్రం కిందనుంచి మెకానిక్ తల బయటపెట్టాడు. "దొరికింది సార్! నిన్నెక్కడో పొట్టి సీసాలకి పెట్టిన కొలత, మార్చడం మర్చిపోయా." మర తిప్పాడు. మొదటి మూత టక్కున బిగిసింది. అందరూ బావమరిది వైపు చూశారు. అతను మూతల వైపు చూశాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని నేరుగా హోటల్ యజమాని దగ్గరికి నడిచింది. మేష్టారు వెనకనుంచి మోచెయ్యి గిల్లినా ఆగలేదు. "మేం మూసెయ్యట్లేదండీ. మా తమ్ముడు పొరబడ్డాడు. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పెయ్యండి."

అతని మొహం వాడిపోయింది. చేతిలోని ఫోన్ వైపు దిగులుగా చూసుకున్నాడు. "ఇది నా దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదని అరవైమందికి చెప్పేశానమ్మా. ఇప్పుడు కాదంటే పరువేం కాను?" ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఒక పని చెయ్యండి. ఇందులో ఒక్క సీసా కూడా ఇంకెవరికీ అమ్మకండి. అప్పుడు నేను చెప్పింది అబద్ధం కాదుగా."

సాయంత్రానికి మూడువేల సీసాలూ హోటల్‌కు చేరాయి. వారం తిరక్కుండానే అతను ఇంకో వెయ్యి కావాలని వచ్చాడు. అతనికున్న దాన్ని చూసి ఓర్వలేక మరో నాలుగు హోటళ్లవాళ్లూ వచ్చారు. మూడేళ్లుగా ఎదురుచూసిన గుమ్మంలో అంతమందిని చూసి మేష్టారు అందరికీ కుర్చీలు వేయించారు. వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి కొత్త పీపాలు చూపించారు. లోపలున్నది తాగేందుకు పనికిరావాలంటే పదకొండు నెలలు పడుతుందనీ, బతిమాలినా తొందరపడదనీ చెప్పి పంపించేశారు.

వ్యాపారం అంత బాగా సాగినందువల్ల, పదకొండు నెలలపాటు వాళ్లకు వ్యాపారమే లేకుండా పోయింది.