పట్టాభిగారి మాలీషు మిషను

పొడి గుడ్డతో తుడవాలి. కుట్టు మిషను నూనె ఒక్క చుక్క వేయాలి. పదింటికల్లా దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లి పట్టాభిగారి చేతికిచ్చి, ఆయన సంతోషంగా ఉన్నప్పుడే కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. ఆ రోజు పొద్దున లేస్తూ సిద్దిరాములు అనుకున్న పని ఇంతే.

తుడవాల్సింది మాలీషు మిషను. పట్టాభిగారి బావమరిది విదేశం నుంచి తెచ్చింది. బత్తాయంత వెండి రంగు గుండు, దాని మూతికి రబ్బరు గిన్నె, వెనక కరెంటు తీగ. నడుముకు ఆనిస్తే గుర్రుమని వణికి నొప్పి లాగేస్తుంది. ఏడాదిగా నూనెలూ మందులూ పట్టి జిడ్డోడుతోంది. "నీళ్లు మాత్రం తగలనివ్వకు. ఎల్లుండి పొద్దున్నే బెజవాడ వెళ్లిపోతున్నాం" అని ఆయన నిన్న దాన్ని అప్పజెప్పాడు.

సిద్దిరాములు ఆ సర్కారు ఆఫీసులో ఏడేళ్లుగా టెంపరరీ అటెండరు. పర్మనెంటు చేసే కాగితం ఒక్క సంతకానికి ఆగి, పట్టాభిగారి ఇంట్లో ఫైళ్ల మధ్య పడి ఉంది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న అరవై తొమ్మిదో సంవత్సరం అది. రోజు విడిచి రోజు బందు, ఊరేగింపు, లాఠీ. పక్క ఆఫీసులో ఒక ఆంధ్రా ఆఫీసరు మెడలో మొన్ననే చెప్పుల దండ పడింది. పట్టాభిగారూ ఆంధ్రా ఆఫీసరే; బెజవాడ పోతే తిరిగి వస్తాడో రాడో. కొత్తగా వచ్చేవాడికి పని లేని తమ్ముడో, బావమరిదో ఉండనే ఉంటాడు. పెద్దవాళ్లు ఎందుకు కొట్లాడుకున్నా, తర్వాత కుర్చీలు సర్దేది అటెండరే.

బావి దగ్గర స్నానం చేసి వచ్చేసరికి మిషను గోడ మీద ఎండలో ధగధగ మెరుస్తోంది. కింద నీళ్లు కారుతున్నాయి.

"ఏందే గిది?" అన్నాడు.

"చింతపండు పెట్టి, బూడిద పెట్టి తోమిన. ఎట్ల మెరుస్తున్నదో చూడు! సాబు ఇగ సంతకం పెట్టకపోతే నన్నడుగు," అంది పెళ్లాం ఈరమ్మ.

"నీళ్లల్ల ముంచినవా?"

"ముంచకుంటే జిడ్డెట్ల పోతది? మా అత్త బిందెలు పొడి గుడ్డతోని తోమిందా?"

కర్మన్‌ఘాట్‌లోని ఆ ఇంటికి కరెంటు లేదు. ఆమెను ఏమని తిడతాడు? మిషనును తువ్వాలలో చుట్టుకుని పరుగు తీశాడు.

బందుకు బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో రేడియోలు బాగుచేసే బిక్షమయ్య షట్టరు మూసుకుని లోపల ఉన్నాడు. బతిమాలితే జానెడు ఎత్తాడు. సిద్దిరాములు పాకుతూ దూరాడు.

"బందు నాడు షట్టరు ఎత్తిపిస్తవు, నా రేడియోల మీద రాళ్లు పడితే నువ్విస్తవా?" అంటూనే బిక్షమయ్య మిషను ఊపి చూశాడు. లోపల నీళ్లు గలగలమన్నాయి. "అన్నా, దీనికి చేపల చెరువు కూడ ఉన్నదానే?"

"నా పెండ్లాం తానం పోసింది. జర బతికించు. నా నౌకరీ గిండ్లనే ఉన్నది."

విప్పి తుడిచి, కుంపటి మీద పట్టి ఆరబెట్టాడు. తీగచుట్ట ఆరింది. ఈలోగా బయట నినాదాలు, ఈలలు, పరుగులు. ఇద్దరూ షట్టరు వైపే చూస్తూ కూర్చున్నారు. చప్పుడు తగ్గి వెనక్కి తిరిగేసరికి రబ్బరు గిన్నె కరిగి నిప్పుల్లోకి జారిపోయింది.

సిద్దిరాములు నెత్తి పట్టుకున్నాడు. బందు నాడు రబ్బరు ఎక్కడ దొరుకుతుంది? బిక్షమయ్య దుకాణమంతా చూసి, చివరికి సిద్దిరాములు కాళ్ల వైపు చూశాడు. నీలం రంగు రబ్బరు చెప్పులు. కొత్తవి.

"ఒద్దు! సారు ఒంటి మీద నా చెప్పా? పాపం తగుల్తది!"

"సారుకు ఎవడు చెప్తడు? నువ్వు చెప్తవా, నేను చెప్తనా?"

మడమ ముక్క గుండ్రంగా కోసి బిగించి, ప్లగ్గు పెట్టాడు. మిషను మునుపటికన్నా గట్టిగా గుర్రుమంది.

కోసిన చెప్పును అక్కడే పారేశాడు. మంచిదాన్ని పారేయడానికి మనసొప్పలేదు; చేత్తో పట్టుకుని, కాలే రోడ్డు మీద ఉత్త కాళ్లతో నడిచాడు. సగం దారిలో కొత్త భయం పుట్టింది. చేతిలో చెప్పు నీలం, మిషను మూతి నీలం. రెండూ పక్కపక్కన కనబడితే పసిపిల్లాడైనా పట్టేస్తాడు. చెప్పును వీపు వెనక దాచుకుని తలుపు తట్టాడు.

చాలాసేపటికి తలుపు బెత్తెడు తెరుచుకుంది. సందులోంచి పట్టాభిగారి ఒక కన్ను, వెనక ట్రంకు పెట్టెలు.

"ఒక్కడివేనా, రాములూ? చెయ్యి వెనక్కి పెట్టావేం?"

పై అధికారి కనబడితే ఏడేళ్లుగా సిద్దిరాములు చేతులు వాటంతటవే లేస్తాయి. ఇప్పుడూ లేచాయి. మిషను మూట చంకలోకి జారింది, రెండు చేతులూ ముఖానికి ఎదురుగా జోడయ్యాయి. మధ్యలో చెప్పు నిలువుగా నిలబడింది.

పట్టాభిగారి ముఖం పాలిపోయింది.

"ఇదేవిటయ్యా? మనం ఎప్పుడన్నా మాటామాటా అనుకున్నామా?"

సారు మిషను సంగతి గుర్తుపట్టాడనుకున్నాడు సిద్దిరాములు. తప్పు ఒప్పేసుకుందామని చెప్పు ముందుకు చాపాడు. "తప్పైంది సార్! గీ చెప్పు సంగతి చెప్దామనే..."

"చెప్పొద్దు! ఏమీ చెప్పొద్దు! అక్కడే ఉండు, లోపలికి రాకు!"

లోపల పెట్టెలు దబదబ కదిలాయి. తలుపు సందులోంచి కాగితం బయటికొచ్చింది. సంతకం తడి ఆరలేదు. ఒకటి చాలదన్నట్టు రెండు చోట్ల ఉంది. మిషను మూట లోపలికి పోయింది, గడియ పడింది.

రెండు నెలల తర్వాత పట్టాభిగారు తిరిగొచ్చాడు. పర్మనెంటు అటెండరును పిలిచి, కూర్చోమని కుర్చీ చూపించాడు. సిద్దిరాములు కూర్చోలేదు.

"రాములుగారూ, మిషను భలే బాగుచేయించారండీ. నొప్పి చేత్తో తీసేసినట్టు పోతోంది. ఆ నీలం రబ్బరు ఎక్కడిది?"

"ఫారిన్‌ది సార్," అన్నాడు సిద్దిరాములు నేల చూపులు చూస్తూ.

పట్టాభిగారు రిటైరయ్యేదాకా, రోజూ పావుగంట, ఆయన వీపు మీద సిద్దిరాములు చెప్పు ఆడుతూనే ఉంది.